పద్దెనిమిదో గడి: మతగ్రంథానికీ కుటుంబ చట్టానికీ నడుమ స్త్రీ



ఈ స్మారక సభలో, మాకు చదువు చెప్పిన మాస్టారు అంటే ఎవరో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు మాలో లేరు. ఈ వేదిక మీద నాకన్నా పెద్దలు, నాకన్నా ఎక్కువ చదివినవాళ్లు మాట్లాడారు. వాళ్ల వరసలో నన్ను నిలబెట్టినందుకు స్మారక సమితికి కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. మాస్టారి గొప్పతనాన్ని వర్ణించే శక్తి నాకు లేదు. ఒక్క సంగతి చెప్పి విషయంలోకి వెళ్తాను.

నా నికా జరిగిన వారానికి మేమిద్దరం మాస్టారి ఆశీస్సులు తీసుకోవడానికి వెళ్లాం. కాఫీలు అయ్యాక ఆయన నన్ను అడిగారు: "నికానామా మీద సంతకం పెట్టావా అమ్మా?" పెట్టానన్నాను. "అందులో ఏం రాసి ఉంది?" అన్నారు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ పెళ్లి ఒప్పంద పత్రం ఉర్దూలో ఉంది. ఇంట్లో మేము మాట్లాడే భాష అదే అయినా నేను చదివింది తెలుగు బడిలో. పరదా ఇవతల కూర్చున్న నా దగ్గరికి నా తరఫున మాట్లాడే వకీలూ ఇద్దరు సాక్షులూ వచ్చి, వరుడు నాకు ఇవ్వాల్సిన మెహర్ సొమ్ము ఎంతో చెప్పి, సమ్మతమేనా అని అడిగారు. తలవంచుకుని సరేనన్నాను. వేలు పెట్టి చూపించిన చోట పేరు రాశాను. మాస్టారు ఇంకేమీ అనలేదు. క్లాసులో ఏ సంధిపత్రం గురించి చెప్పినా, ఇది రాసిందెవరు, చదివిందెవరు, సంతకం పెట్టిందెవరు అని మా చేత అడిగించిన మనిషి ఆయన. ఆ రోజు ఆయన వేసిన ప్రశ్న నన్ను ఇన్నేళ్లూ వదల్లేదు. ఈ ఉపన్యాసం దానికి నేను ఆలస్యంగా చెప్పుకుంటున్న జవాబు.

ముస్లింలు అధిక సంఖ్యాకులుగా ఉన్న దేశాల్లో స్త్రీ పురుష సమానత్వం అన్న మాట ఎత్తగానే రెండు తీర్పులు సిద్ధంగా ఉంటాయి. ఆ మతం ఉన్నంతకాలం అక్కడ ఆడదానికి సమానత్వం రాదని ఒక తీర్పు. మా మతం పద్నాలుగు వందల ఏళ్ల కిందటే అన్నీ ఇచ్చేసింది, ఇక అడగడానికేమీ మిగల్లేదని రెండో తీర్పు. ఒకదాన్నొకటి ఖండించుకునే ఈ వాదాలు రెండూ ఒకే నమ్మకం మీద నిలబడ్డాయి. గ్రంథం దానంతట అదే మాట్లాడుతుందనీ, దానికి ఒకే అర్థం ఉందనీ, ఆ అర్థం ఏనాడో తేలిపోయిందనీ ఆ నమ్మకం. చరిత్ర చదివినకొద్దీ నాకు అది నిలబడేదిగా కనిపించలేదు. ఒకే ఖురాన్, ఒకే మాలికీ శాఖ ధర్మశాస్త్రం, ఒకే ఫ్రెంచి పాలన చూసిన ట్యునీషియా, మొరాకో స్వతంత్రమైన ఒకటి రెండేళ్లలోనే ఒకదానికొకటి పూర్తిగా భిన్నమైన కుటుంబ చట్టాలు రాసుకున్నాయి. గ్రంథానికీ చట్టానికీ మధ్య మనుషుల చేతులు ఉన్నాయి. ఆ చేతులు ఎవరివి, అక్కడ చదవడానికి ఎవరికి చోటు దొరికింది అన్నదే ఈ దేశాల స్త్రీల చరిత్రలో అసలు ప్రశ్న అని నా అభిప్రాయం.

ఆ చేతులు ఎంత దగ్గరగా పనిచేస్తాయో చూడాలంటే పాకిస్తాన్ నికానామా ఒకటి తీసి చూడాలి. 1955లో ఆ దేశ ప్రధాని మహమ్మద్ అలీ బోగ్రా మొదటి భార్య ఉండగానే రెండో పెళ్లి చేసుకున్నారు. మహిళా సంఘాలు తీవ్రంగా నిరసించాయి. వివాహ చట్టాల మీద కమిషన్ వేయక తప్పలేదు. ఆ కమిషన్ సిఫార్సుల నుంచి, మతపండితులైన ఉలేమా అభ్యంతరాలను దాటుకుని, 1961లో ముస్లిం కుటుంబ చట్టాల ఆర్డినెన్సు వచ్చింది. దాని వెంటే దేశమంతటికీ ఒకే నమూనా నికానామా వచ్చింది. అందులో పద్దెనిమిదో గడి ఉంది. విడాకులిచ్చే అధికారాన్ని భర్త భార్యకు దత్తం చేశాడా, చేస్తే ఏ షరతుల మీద అని ఆ గడి అడుగుతుంది. ఇది పాశ్చాత్యుల దగ్గర తెచ్చుకున్న ఊహ కాదు. తలాక్-ఎ-తఫ్వీజ్ అని హనఫీ శాఖ ధర్మశాస్త్ర గ్రంథాల్లో వందల ఏళ్లుగా ఉన్న పద్ధతే. ఆ ఒక్క గడిలో 'అవును' అని రాస్తే చాలు, ఆమె తర్వాత ఏ కోర్టు గుమ్మమూ ఎక్కకుండానే ఆ పెళ్లి నుంచి బయటపడగలదు.

ఆచరణలో జరిగేది ఆ దేశంలో తెలియనివారు లేరు. పెళ్లికూతురి ముందుకు కాగితం వచ్చేసరికే చాలాచోట్ల ఆ గడి మీద అడ్డంగా ఒక గీత పడి ఉంటుంది. పెళ్లి రాసే రిజిస్ట్రారు గీసిన గీత అది. శుభమా అని పెళ్లి జరుగుతుంటే విడాకుల మాటేమిటని పెద్దలు దాన్ని సమర్థిస్తారు. ఆ గీత గీయమని ఖురాన్ చెప్పలేదు, ప్రవక్త మాటలైన హదీసు చెప్పలేదు, హనఫీ పండితులు చెప్పలేదు, ప్రభుత్వ చట్టం చెప్పలేదు. అందరూ ఇచ్చిన దాన్ని ఒక మామూలు మనిషి చేతిలోని కలం తీసేసుకుంది. బంగ్లాదేశ్ కాబిన్‌నామాలోనూ పద్దెనిమిదో గడి ఇదే. అదే కాగితంలో ఐదో గడి వధువు కన్యా, వితంతువా, విడాకులు పొందినదా అని అడిగేది. కన్య అన్న ఆ మాట స్త్రీని అవమానిస్తుందనీ, దాని స్థానంలో 'అవివాహిత' అని రాయాలనీ 2019లో ఢాకా హైకోర్టు ఆదేశించింది. వరుడి శీలం గురించి అడిగే గడి ఆ కాగితంలో ఎన్నడూ లేదు.

పెళ్లి పత్రంలో షరతు రాయించుకోవడం ఈనాటి ఆలోచన అనుకునేవాళ్లు ట్యునీషియాలోని కైరవాన్ పట్టణం చరిత్ర చూడాలి. క్రీ.శ. 670లో వెలసిన ఆ నగరంలో 'కైరవానీ సదాక్' అని ఒక ఆచారం ఉండేది. భర్త రెండో పెళ్లి చేసుకోకూడదని పెళ్లి ఒప్పందంలోనే షరతు రాసేవారు. దీనికి మూలం ఎనిమిదో శతాబ్దపు అర్వా అనే స్త్రీ అని చెబుతారు. తర్వాత అబ్బాసీ ఖలీఫా అయిన అల్ మన్సూర్ అంతటివాడు కూడా ఆమె షరతుకు లోబడే ఆమెను చేసుకున్నాడట. ఒట్టోమన్ కాలపు ఖాజీ కోర్టుల రిజిస్టర్లు తిరగేసిన పరిశోధకులకూ ఇలాంటి దృశ్యాలే కనిపించాయి. మెహర్ బాకీ కోసం, ఆస్తి కోసం, భరణం కోసం స్త్రీలు ఖాజీ ముందు నిలబడి మాట్లాడారు, చాలాసార్లు గెలిచారు. పదకొండో శతాబ్దంలో మక్కాలో కరీమా అల్ మర్వజియ్యా అనే విదుషి బుఖారీ హదీసు సంకలనాన్ని బోధించేది. బాగ్దాద్ నుంచి వచ్చిన మహాపండితులు ఆమె ముందు కూర్చుని పాఠం విన్నారు.

ఇదంతా చెప్పి గతం స్వర్ణయుగమని నమ్మించడం నా ఉద్దేశం కాదు. ధర్మశాస్త్ర గ్రంథాలు రాసినవాళ్లు పురుషులు. భర్త మాటతో తెగిపోయే పెళ్లి, భార్యకు మాత్రం ఏళ్ల తరబడి తెగకుండా ఉండేటట్టు వాళ్లే రాశారు. హదీసు చెప్పే స్త్రీలు వేలమంది ఉన్నా, హదీసు నుంచి చట్టం తీసే చోట వాళ్లకు పీట వేయలేదు. ఆ లోటు ఎంత బాధ తెచ్చిందో మన ఉపఖండమే చూసింది.

హనఫీ శాస్త్రం ప్రకారం భర్త కనిపించకుండా పోతే, అతని ఈడువాళ్లంతా కాలం చేసేదాకా భార్య ఎదురుచూడాలి. తిండి పెట్టకపోయినా, కొట్టినా ఆమె అంతట ఆమె బయటపడే దారి దాదాపు లేదు. మతం విడిచిపెడితే మాత్రం పెళ్లి రద్దవుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పంజాబులో ముస్లిం స్త్రీలు ఆ దారి పట్టారు. భర్త నుంచి విముక్తి కోసం దేవుణ్నే వదులుకోవలసి వచ్చిన ఆ ఆడవాళ్ల మనసు ఎంత నలిగి ఉంటుందో తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె బరువెక్కుతుంది. దేవబంద్ సంప్రదాయంలో అగ్రగణ్యుడైన మౌలానా అష్రఫ్ అలీ థానవీ ఈ సంకటాన్ని గుర్తించారు. మదీనాలోని మాలికీ పండితుల అభిప్రాయాలు తెప్పించుకుని, అవసరం వచ్చినప్పుడు హనఫీలు మాలికీ నియమాన్ని అనుసరించవచ్చని గ్రంథం రాశారు. ఆ దారిలోనే 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. భర్త ఆచూకీ నాలుగేళ్లు తెలియకపోయినా, రెండేళ్లు పోషించకపోయినా భార్య కోర్టుకు వెళ్లవచ్చు. పాకిస్తాన్‌లో, బంగ్లాదేశ్‌లో, మన దేశంలో, మన తెలుగు జిల్లాల్లో కూడా ఆ చట్టం నేటికీ అమల్లో ఉంది. సంప్రదాయం కరడుగట్టిన చోటనుకునే మదరసా నుంచే ఆ తలుపు తెరుచుకుంది. తలుపు తట్టింది మాత్రం పేరు కూడా మిగలని ఆ పంజాబీ ఆడవాళ్లు.

ఇక ట్యునీషియా. దీని మీద నేను కొంచెం ఎక్కువసేపు నిలబడతాను.

తాహిర్ హద్దాద్ 1899లో పుట్టాడు. ట్యూనిస్‌లోని జైతూనా మసీదు విద్యాలయంలో ధర్మశాస్త్రం చదివాడు. ఓడరేవు కార్మికుల మధ్య తిరిగాడు, 1924లో ఆ దేశపు తొలి స్వతంత్ర కార్మిక సమాఖ్య నిర్మాణంలో పాలుపంచుకున్నాడు. 1930లో 'షరియత్‌లోనూ సమాజంలోనూ మన స్త్రీ' అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం రాశాడు. ఇస్లాం స్త్రీ స్థితిని ఆ కాలానికి సాధ్యమైనంత మేరకు మార్చిందనీ, ఆ మార్పు దిశను గ్రహించి ముందుకు నడవడమే విశ్వాసుల పని అనీ దానిలో ఆయన వాదించాడు. బహుభార్యత్వాన్ని, బాల్యవివాహాన్ని, నోటిమాట విడాకులను మతం లోపలి నుంచే ప్రశ్నించాడు. జైతూనా పండితులు ఆయన మీద విరుచుకుపడ్డారు. పరీక్ష రాయనివ్వలేదు, బతుకుతెరువు లేకుండా చేశారు. 1935 డిసెంబరులో, ముప్ఫై ఆరేళ్ల వయసులో, క్షయతో, దాదాపు ఒంటరిగా చనిపోయాడు.

ఆయన పుస్తకాన్ని ఖండిస్తూ పుస్తకం రాసినవారిలో షేక్ మహమ్మద్ సాలహ్ బెన్ మురాద్ ఒకరు. హద్దాద్ పోయిన మరుసటేడు, 1936లో, ట్యునీషియాలో తొలి మహిళా సంఘం ఏర్పడింది. దాని పేరు ట్యునీషియా ముస్లిం మహిళా సమాఖ్య. దాన్ని స్థాపించిన బషీరా బెన్ మురాద్ ఆ షేక్ గారి కూతురే.

1956 మార్చి 20న దేశం స్వతంత్రమైంది. అయిదు నెలలు తిరక్కుండా, ఆగస్టు 13న, హబీబ్ బుర్గీబా ప్రభుత్వం వ్యక్తిగత హోదా చట్టాన్ని ప్రకటించింది. బహుభార్యత్వం నిషేధం, చేస్తే జైలు. విడాకులు కోర్టులోనే, భార్యాభర్తలిద్దరికీ సమానంగా. పెళ్లికూతురి సమ్మతి తప్పనిసరి. ఇది మతాన్ని తోసిపుచ్చిన చట్టం అని చాలామంది అనుకుంటారు. బుర్గీబా వాదన అలా సాగలేదు. ఖురాన్ నాలుగో అధ్యాయంలోనే ఒక ఆయత్ (వాక్యం) భార్యల మధ్య న్యాయం తప్పుతుందన్న భయముంటే ఒకరితోనే ఆగమంటుంది, మరో ఆయత్ ఎంత కోరుకున్నా ఆ న్యాయం మీ వల్ల కాదంటుంది. ఈ రెంటినీ కలిపి చదివితే ఏకపత్నీత్వమే ఆదేశమని ప్రభుత్వం చెప్పింది. హద్దాద్‌ను వెలివేసిన జైతూనాలోనే ఫాదిల్ బెన్ ఆషూర్ వంటి పండితుడు ఈ చట్టాన్ని సమర్థించాడు. పాతికేళ్లలో గ్రంథం ఒక్క అక్షరం మారలేదు. చదివిన గది మారింది.

మొరాకో కూడా అదే సమయంలో, 1957-58లో, ముదవ్వనా అనే తన కుటుంబ చట్టాన్ని రాసుకుంది. అందులో మాలికీ నియమాలు దాదాపు ఉన్నవి ఉన్నట్టే దిగాయి. భర్త ఏకపక్ష విడాకులు నిలిచాయి. వయసొచ్చిన స్త్రీకి కూడా పెళ్లికి వలీ, అంటే సంరక్షకుడు, ఉండాల్సిందే. ఎందుకీ తేడా? ట్యునీషియా సామాజిక శాస్త్రవేత్త మునీరా షర్రాద్ ఇచ్చిన సమాధానం నాకు సరైనదనిపిస్తుంది. మొరాకో రాజు సింహాసనం తెగల పెద్దల మద్దతు మీద నిలబడింది. తెగ బలమంతా కూతుళ్ల పెళ్లిళ్ల మీద, వంశపు భూమి మీద పట్టులో ఉంది. ఆ పట్టు సడలించే చట్టం ఆ రాజ్యానికి సాధ్యపడలేదు. ట్యునీషియాలో తెగలు అప్పటికే బలహీనపడ్డాయి, కొత్త రాజ్యానికి వాటి అవసరం లేకపోయింది. స్త్రీకి చట్టం ఏమిస్తుందన్నది అధికారం ఎవరి భుజాల మీద కూర్చుందన్నదాన్ని బట్టి తేలింది.

బుర్గీబాను నేను మెచ్చుకుంటాను కానీ పూర్తిగా కాదు. 1929లో దేశ అస్తిత్వం పేరుతో ముసుగును సమర్థించిన బుర్గీబాయే, అధికారంలోకి వచ్చాక అది తీసేయమన్నాడు. 1981లో ప్రభుత్వ కార్యాలయాల్లో, విద్యాసంస్థల్లో తలగుడ్డనే నిషేధించాడు. ముసుగు వేసుకోవాలా వద్దా అని రెండుసార్లూ నిర్ణయించింది రాజకీయ పురుషుడే. స్వతంత్ర మహిళా సంఘాలకు ఆ పాలనలో చాలాకాలం ఊపిరాడలేదు. అయినా పైనుంచి వచ్చిన హక్కు నిజమైన హక్కే. 2012లో కొత్త రాజ్యాంగ ముసాయిదా స్త్రీని పురుషుడికి 'పూరకం' అన్నప్పుడు, ఆగస్టు 13నే వేలమంది స్త్రీలు ట్యూనిస్ వీధుల్లోకి వచ్చి ఆ మాటను తీయించారు. వాళ్లలో తలగుడ్డ ఉన్నవాళ్లూ ఉన్నారు, లేనివాళ్లూ ఉన్నారు. 1956 చట్టం నీడలో పుట్టి పెరిగిన తరం వాళ్లు.

మొరాకో స్త్రీలకు ఆ కానుక దొరకలేదు. ఒక్కో మెట్టూ కట్టుకున్నారు. 1992లో ముదవ్వనా మార్చాలని పది లక్షల సంతకాల ఉద్యమం నడిపారు. మరుసటేడు దక్కింది స్వల్పమే, అయినా ఆ చట్టం ముట్టకూడనిది కాదని రుజువైంది. ఫాతిమా మెర్నిస్సీ వంటి సామాజిక శాస్త్రవేత్త హదీసు పరంపరల్లోకే దిగి, స్త్రీ నాయకత్వాన్ని కాదనే హదీసును ఎవరు, ఎప్పుడు, ఏ సందర్భంలో గుర్తు చేసుకున్నారో తవ్వి తీసింది. 2000 మార్చి 12న సంస్కరణ కోరుతూ రబాత్‌లో, వ్యతిరేకిస్తూ కాసాబ్లాంకాలో ఊరేగింపులు జరిగాయి. కాసాబ్లాంకా ఊరేగింపులోనూ స్త్రీలు పెద్దసంఖ్యలో ఉన్నారన్న సంగతి మనం దాటవేయకూడదు. చివరికి 2004లో కొత్త చట్టం వచ్చింది. కుటుంబం భార్యాభర్తల ఉమ్మడి బాధ్యత అయింది, పెళ్లి వయసు ఇద్దరికీ పద్దెనిమిది అయింది, వలీ ఐచ్ఛికమయ్యాడు. దేవుడు అనుమతించినదాన్ని నిషేధించను, నిషేధించినదాన్ని అనుమతించను అన్న హద్దులోనే ఉండి రాజు ఇదంతా ప్రకటించారు. అయితే జడ్జీకి వదిలిన మినహాయింపు సందులోంచి మైనరు బాలికల పెళ్లిళ్లు ఏటా వేల సంఖ్యలో జరుగుతూనే వచ్చాయి. పద్దెనిమిదో గడి మీద గీసిన గీతకు ఇది చెల్లెలు.

ఇండోనేషియాలో మరో దృశ్యం. 2017 ఏప్రిల్‌లో పశ్చిమ జావాలోని చిరెబోన్ దగ్గర, ఒక మహిళ నడిపే పెసాంత్రెన్‌లో, మహిళా ఉలేమా మహాసభ జరిగింది. పెసాంత్రెన్ అంటే మన మదరసా లాంటి గురుకులం. అక్కడ స్త్రీ పండితులు ఖురాన్, హదీసు, శాస్త్రగ్రంథాలతో పాటు బాలవధువుల అనుభవాన్ని కూడా ప్రమాణంగా ముందు పెట్టుకుని చర్చించారు. బాల్యవివాహాన్ని ఆపడం విధి అని మతాభిప్రాయం ప్రకటించారు. అది వినడానికి ఆ దేశ మత వ్యవహారాల మంత్రి వచ్చారు. రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు తర్వాత 2019లో ఆడపిల్ల పెళ్లి వయసు పదహారు నుంచి పంతొమ్మిదికి, మగపిల్లవాడితో సమానంగా పెరిగింది. కోర్టు మినహాయింపుల కోసం దరఖాస్తులు ఆ తర్వాత పెరిగిన మాట నిజమే. అయినా ఈ మహాసభను నేను చిన్నదిగా చూడలేను. హదీసు చెప్పిన కరీమాకు దొరకని పీట చిరెబోన్ స్త్రీలు తామే వేసుకున్నారు.

ఒక చోట మాత్రం చాలామంది అడుగులు ఆగిపోతాయి. అది వారసత్వం. కొడుకు వాటాలో సగం కూతురికి అన్న ఖురాన్ నియమాన్ని 1956లో బుర్గీబా కూడా ముట్టలేదు. 2018 ఆగస్టు 13న అధ్యక్షుడు బేజీ కాయిద్ ఎస్సెబ్సీ సమాన వాటా బిల్లు తెస్తామన్నారు. మరుసటేడు ఆయన మరణించారు, బిల్లు చట్టం కాలేదు. తర్వాతి అధ్యక్షుడు ఖైస్ సయీద్, గ్రంథం స్పష్టంగా చెప్పిన చోట వ్యాఖ్యానానికి తావు లేదన్నారు.

ఆ మాట భక్తితోనే అన్నారనుకుందాం. అయితే అవిభక్త పంజాబును గుర్తు చేసుకోవాలి. అక్కడి ముస్లిం భూస్వాములు ఖురాన్ ఇచ్చిన ఆ సగం వాటాను కూడా కూతుళ్లకు ఇవ్వలేదు. కులాచారం పేరు చెప్పి భూమంతా కొడుకులకే రాశారు. 1937లో షరియత్ చట్టం చేసినప్పుడు వ్యవసాయ భూమిని దాని పరిధి నుంచి తప్పించారు. దేశ విభజన తర్వాత, 1948లో, పశ్చిమ పంజాబ్ శాసనం వచ్చాకే అక్కడి కూతురికి భూమిలో షరియత్ వాటా చట్టమైంది. సమాన వాటా అడిగితే గ్రంథం అడ్డమన్నారు. గ్రంథమిచ్చిన సగం అడిగితే ఆచారం అడ్డమన్నారు. రెండుచోట్లా నిలిచింది భూమి మీద మగవాడి పట్టే. ఇది ఒక్క మతానికి చెందిన సంగతి అని ఈ సభలో ఎవరూ అనుకోరనే నా నమ్మకం. పసుపు కుంకుమల కింద ఇంత ఇచ్చాం కదా అని చెప్పి ఆడపడుచుల చేత హక్కు విడుదల పత్రాల మీద సంతకాలు పెట్టించుకున్న ఇళ్లు మన ఊళ్లలోనూ ఉన్నాయి.

ఈ ఉపన్యాసం వినడానికి వచ్చినవారిలో న్యాయశాస్త్ర విద్యార్థులు ఉన్నారని సమితివారు చెప్పారు. వారికి నాదొక విన్నపం. మీ చేతికి వచ్చే నికానామాను, అది ఏ భాషలో ఉన్నా, సంతకం పెట్టబోయే అమ్మాయికి ఆమె చదవగల భాషలో ముందురోజే చదివి వినిపించండి. షరతు రాయించుకునే హక్కు ఆమెకు ధర్మశాస్త్రంలోనే ఉందని చెప్పండి. మాస్టారు నన్ను అడిగిన ప్రశ్న ఆమెను పెళ్లికి ముందే అడగండి.

చదవడానికి దొరికే చోటు గురించే చివరిగా ఒక మాట. 2021 సెప్టెంబరు నుంచి అఫ్ఘానిస్తాన్‌లో తాలిబన్లు ఆరో తరగతి దాటిన ఆడపిల్లలను బడికి రానివ్వడం లేదు. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాల తలుపులూ మూశారు. అది షరియత్‌కే విరుద్ధమని కైరోలోని అల్ అజ్‌హర్ గ్రాండ్ ఇమామ్ అహ్మద్ అల్ తయ్యిబ్ అదే నెలలో బహిరంగంగా ప్రకటించారు. ఆ బడులు ఇంకా తెరుచుకోలేదు.